సైనిక బ్యాండు వాయించిన సింఫనీ – శ్రోత నేర్చుకున్న పాఠం

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగపాఠం)

 

ఈ సభలో మాట్లాడవలసిందిగా కార్యదర్శిగారు నన్ను ఆహ్వానించినప్పుడు, బడి చరిత్రను గురించి చెబుతారా, మన భాష పరిస్థితిని గురించి చెబుతారా అని అడిగారు. ఆ రెండింటిని గురించీ నాకంటె అధికారికంగా చెప్పగల పెద్దలు ఈ వేదికపైనే ఉన్నారు. నేను సంగీత విద్వాంసుణ్ణీ కాను, సాహిత్యవేత్తనూ కాను. ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో జమాఖర్చులు చూసుకున్నవాణ్ణి. అయితే ఈ బడి నాకు నేర్పిన విద్యలలో, ఏ ప్రోగ్రెస్ రిపోర్టులోనూ మార్కులు పడని విద్య ఒకటి ఉన్నది. అది వినడం. ఆ విద్య నాకు ఎట్లా అబ్బిందో, దానివల్ల నాకేమి మిగిలిందో ఈ సాయంకాలం మీతో మనవి చేసుకుంటాను.

1968వ సంవత్సరంలో నేను ఏడవ తరగతి చదువుతున్నాను. మా డ్రిల్లు మాస్టారు సైన్యంలో బ్యాండు వాద్యకారుడుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. చిత్తూరు జిల్లా నుంచి వచ్చి బెంగుళూరులో స్థిరపడ్డారు. సన్నగా, నిటారుగా ఉండేవారు. గట్టిగా మాట్లాడగా మేము వినలేదు. బ్యాండులో ఆయన వాయించినది క్లారినెట్. ఒక ఆదివారం సాయంకాలం మా తరగతి పిల్లలను పదిమందిని వెంటబెట్టుకుని కబ్బన్ పార్కులో ఉన్న బ్యాండు మండపం దగ్గరికి తీసుకువెళ్ళారు. ఇనుప స్తంభాలతో ఎనిమిది కోణాలుగా కట్టిన ఆ మండపాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. బెంగుళూరు సైన్యంతోపాటు పెరిగిన ఊరు. పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకంలో కంటోన్మెంటు ఏర్పడినది మొదలుకొని ఈ ఊరి చెవులకు బ్యాండు శబ్దం అలవాటు.

ఆనాడు ఒక సైనిక బ్యాండు కవాతు పాటలు కొన్ని వాయించి, తరువాత కూర్చుని వినదగిన పాశ్చాత్య సంగీతం వాయించింది. అందులో రెండు నాకు నేటికీ గుర్తున్నాయి. ఒకటి ఫ్రాంజ్ ఫాన్ సుప్పే 1866లో ఒక సంగీత నాటికకు పూర్వరంగంగా వ్రాసిన ‘లైట్ కావల్రీ’. రెండవది ఆంటొనిన్ ద్వోర్జాక్ వ్రాసిన తొమ్మిదవ సింఫనీలోని రెండవ భాగం. ‘న్యూ వరల్డ్’ అని లోకప్రసిద్ధమైన ఆ సింఫనీ 1893 డిసెంబరు 16న న్యూయార్క్‌లో మొదటిసారిగా పూర్తిస్థాయి ప్రదర్శన పొందింది.

ఈ పేర్లేవీ ఆనాడు మాకు తెలియవు. సుప్పే రచన సులభంగానే నచ్చింది. ట్రంపెట్లు పిలుస్తాయి, గుర్రాలు దౌడు తీస్తాయి. పిల్లలకు ఇంకేమి కావాలి? రెండవదానితోనే చిక్కు వచ్చింది. అది చాలా నెమ్మదిగా సాగే సంగీతం. చివరికి వస్తూండగా పాట మధ్యలో ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, అది ముగిసిందనుకుని నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. నన్ను చూసి తక్కిన పిల్లలు కొట్టారు. మమ్మల్ని చూసి వెనుక బెంచీలవారు కూడా కొట్టారు. బ్యాండు నాయకుడి చేయి మాత్రం గాలిలో నిలిచే ఉన్నది. ఆయన వెనుదిరిగి చూడలేదు. చప్పట్లు సర్దుకునేదాకా ఓపికగా నిలబడి, మళ్ళీ సైగ చేశాడు. పాట గుసగుసగా తిరిగి మొదలయింది. నా చెవులు సిగ్గుతో వేడెక్కాయి.

తిరిగి వస్తూ మాస్టారు నన్ను తిట్టలేదు. “పాట ఆగలేదురా అబ్బాయ్. అక్కడ ఆగమని రాసినవాడే రాశాడు. ఆ ఆగడం కూడా పాటే. ఊపిరి బిగబట్టుకుని ఉండి, మళ్ళా అందరూ ఒక్కసారిగా, వినబడీ వినబడనట్టు ఎత్తుకోవాలి. వాయించేవాడికి అంతకంటె కష్టం ఇంకోటి లేదు” అన్నారు. కాసేపు నడిచాక, “సగం మేము వాయిస్తాం. మిగతా సగం మీరు వినాలి” అన్నారు. నా ప్రసంగమంతా ఆ రెండవ మాటకు వ్యాఖ్యానమే.

ఆ కష్టమేమిటో తెలుసుకోవాలంటే సైనిక బ్యాండు నిర్మాణం కొంత తెలియాలి. మన శాస్త్రకారులు వాద్యాలను తతం, సుషిరం, అవనద్ధం, ఘనం అని నాలుగు తెగలుగా విభజించారు. తీగలు గలవి తతం. ఊపిరితో పలికేవి సుషిరం. తోలు కప్పినవి అవనద్ధం. తాళాలు, గంటలవంటివి ఘనం. పాశ్చాత్యుల సింఫనీ ఆర్కెస్ట్రాలో ఈ నాలుగూ ఉంటాయి. కాని సింహభాగం తతానిదే. వయొలిన్లు, వియోలాలు, చెల్లోలు, డబుల్ బేస్‌లు కలిసి పెద్ద ఆర్కెస్ట్రాలో యాభై అరవై మంది వరకు ఉంటారు. సైనిక బ్యాండులో సాధారణంగా ఆ తెగే ఉండదు. కూర్చుని వాయించే సందర్భాలలో కొన్ని బ్యాండ్లు ఒకటి రెండు డబుల్ బేస్‌లను చేర్చుకుంటాయి, అంతే. నడుస్తూ వయొలిన్ల బృందం వాయించలేదు. వానకు, ఎండకు తీగ తట్టుకోలేదు. గోడలు లేని మైదానంలో తీగనాదం పది బారల దూరంలోనే పలచబడిపోతుంది. ఇత్తడి గొంతు, చెక్క గొంతు దూరం పోతాయి. సైన్యం సుషిరాన్ని ఎన్నుకున్నది అందుకే.

మరి వయొలిన్ల కోసం వ్రాసిన సంగీతాన్ని వయొలిన్లు లేనివారు వాయించడమెట్లా? భాగాలను తిరిగి పంచాలి. మొదటి, రెండవ వయొలిన్ల పాత్రలు ఎక్కువగా క్లారినెట్లకు దక్కుతాయి. అందుకే ఆర్కెస్ట్రాలో క్లారినెట్లు సాధారణంగా ఇద్దరే ఉంటే, బ్యాండులో వరుసలు వరుసలుగా కూర్చుంటారు. చెల్లో పాట యుఫోనియానికో, సాక్సోఫోన్‌కో వస్తుంది. డబుల్ బేస్ భారం ట్యూబా మోస్తుంది. తీగలకు డీ, ఏ, ఈ వంటి శ్రుతులు అనుకూలం. బ్యాండు వాద్యాలకు బీ ఫ్లాట్, ఈ ఫ్లాట్ వంటివి అనుకూలం. అందువల్ల చాలా సందర్భాలలో రచన మొత్తాన్ని అరమెట్టు పైకో కిందికో జరిపి వ్రాసుకుంటారు. వయొలిన్ కమాను వణికించి పుట్టించే గగుర్పాటును, క్లారినెట్లు రెండు స్వరాల మధ్య వేగంగా కదులుతూ తలపింపజేయాలి. తీగను వేలితో మీటిన చప్పుడును నాలుక కొనతో చిన్నగా తుంచి పలికించాలి.

అన్నింటికంటె పెద్ద సమస్య ఊపిరి. కమాను చివరికి వచ్చినప్పుడు వయొలిన్ విద్వాంసుడు దానిని వెనక్కి తిప్పుతాడు. నాదం తెగినట్టు మనకు తెలియదు. ఊపిరి అయిపోతే మాత్రం పీల్చుకోక తప్పదు. దీర్ఘమైన స్వరం తెగకుండా ఉండాలంటే ఒక వరుసలోనివారు ఒకరి తరువాత ఒకరు, పక్కవాడు పీల్చనప్పుడు తాను పీల్చాలి. అంతేకాదు, కమాను శూన్యంలోనుంచి మెల్లగా నాదాన్ని తీసుకురాగలదు. రెల్లుపత్తి అట్లా కాదు. కొంత గాలి ఒత్తిడి తగిలేదాకా అది పలకదు, తగిలాక ఒక్కసారిగా పలుకుతుంది. ఆ సన్నని గీత మీద ఇరవైమంది ఒకే క్షణంలో, ఒకే మెత్తదనంతో అడుగుపెట్టాలి. నేను చప్పట్లు కొట్టినది సరిగ్గా ఆ గీత మీద.

ద్వోర్జాక్ రచనను ఆర్కెస్ట్రాలో విన్న తరువాత నాకు మరొక సంగతి తెలిసింది. ఆ భాగం మొదట వచ్చే గంభీరమైన స్వరగుచ్ఛాలు మూలంలోనే సుషిర వాద్యాలవి. అక్కడ బ్యాండు తన సొంత ఇంట్లోనే ఉన్నది. తరువాత కార్ ఆంగ్లే అనే వాద్యం ఒంటరిగా పాట ఎత్తుకుంటుంది. ఆ వాద్యం అన్ని బ్యాండ్లలోనూ ఉండదు. ఆనాడు దానిని సాక్సోఫోన్ వాయించింది. చివరలో ఆ పాటే కొద్దిమంది తీగవాద్యకారుల చేతికి వచ్చి, పలుకుతూ ఆగుతూ, మాట పెగలని మనిషిలాగా నడుస్తుంది. చిట్టచివరి స్వరగుచ్ఛం డబుల్ బేస్‌లది మాత్రమే. అంటే మొదలు బ్యాండుకు సులభం, ముగింపు మహాకఠినం. ఒక పల్లెటూరి మాంసం వ్యాపారి కుమారుడు, బొహీమియా దేశంలో పుట్టినవాడు, సముద్రాలకవతల ఉద్యోగం చేస్తూ వ్రాసిన సంగీతమది. సొంత ఊరు విడిచి వచ్చినవారికి అది ఎందుకు అంతగా తగులుతుందో మనవంటివారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ కొందరు పండితులు ఒక ఆక్షేపణ చేస్తారు. అన్యవాద్యాలకు వ్రాసినదానిని అరువు తెచ్చుకోవడమెందుకు, బ్యాండు తనకోసమే వ్రాసినది వాయించుకోరాదా అని. ఆ మాటలో న్యాయమున్నది. గుస్తావ్ హోల్స్ట్ 1909లో సైనిక బ్యాండుకోసమే ఒక సూట్ వ్రాశాడు. రాల్ఫ్ వాన్ విలియమ్స్ 1923లో ఇంగ్లీషు జానపద గీతాలను బ్యాండుకు కూర్చాడు. అవి ఆణిముత్యాలు. పైగా మార్పిడిలో నష్టం లేదనడం కూడా సత్యం కాదు. వయొలిన్ల పట్టుపోగువంటి మెత్తదనం క్లారినెట్లకు రాదు. పై స్థాయిలో అవి ఒక్కొక్కప్పుడు కీచుమంటాయి. శ్రోత ఈ లోపాలను గుర్తించాలి. బాగున్నదంతా బాగున్నదనడం రసజ్ఞత కాదు. కాని ఒక ఊరిలో ఆర్కెస్ట్రా లేనప్పుడు, ఆ ఊరి ప్రజలకు ఆ సంగీతం చేరవేసినది ఎవరు? అమెరికాలో జాన్ ఫిలిప్ సౌసా 1880 నుంచి 1892 వరకు మెరైన్ బ్యాండుకు నాయకత్వం వహించి, తరువాత సొంత బ్యాండుతో ఊరూరా తిరిగి వాగ్నర్ సంగీతాన్ని సామాన్యులకు వినిపించాడు. ఆ శ్రోతలలో అనేకులకు అదే తొలి వాగ్నర్.

శ్రోతల మాట వచ్చింది గనుక ఒక ఫ్రెంచి స్వరకర్త అనుభవాలు రెండు చెబుతాను. 1840 జూలై 28న పారిస్ నగరంలో, పదేళ్ళ కిందటి విప్లవంలో మరణించినవారి అస్థికలను బాస్తీయ్ కూడలికి ఊరేగింపుగా తీసుకువెళ్ళారు. అందుకోసం హెక్టర్ బెర్లియోజ్ సుమారు రెండువందలమంది సైనిక వాద్యకారులకు ఒక సింఫనీ వ్రాసి, తానే నడిపించాడు. దానిని మెచ్చుకున్నవారిలో అప్పుడు పారిస్‌లో ఉన్న రిచర్డ్ వాగ్నర్ ఒకడు. కాని ఆ రోజు కూడలిలో ఏమి జరిగింది? ఎండలో నిలబడి అలసిన జాతీయ రక్షకదళంవారు, రచనలో పతాకఘట్టం నడుస్తూండగానే తమ డప్పులు మోగించుకుంటూ కదిలిపోయారు. వీరులకోసం వ్రాసిన సంగీతం, ఆ వీరులకు గౌరవవందనం చేయడానికి వచ్చినవారి డప్పులలోనే మునిగిపోయింది. బెర్లియోజ్ తన జ్ఞాపకాలలో ఈ సంగతిని చేదుగా వ్రాసుకున్నాడు. ఇది చదివినప్పుడు, ప్రపంచంలో తప్పుచోట చప్పుడు చేసినవాణ్ణి నేనొక్కణ్ణే కానని కొంత ఊరట కలిగింది.

రెండవది 1843లో బెర్లిన్ నగరంలో జరిగింది. ప్రష్యా సైనిక బ్యాండ్ల అధిపతి విల్‌హెల్మ్ వీప్రెఖ్ట్ ఏర్పాటుచేసిన కచేరీకి బెర్లియోజ్ అతిథిగా వెళ్ళాడు. అక్కడ మూడువందల ఇరవైమంది సుషిర వాద్యకారులు వాయించినది మరేదో కాదు, బెర్లియోజ్ యౌవనంలో ఆర్కెస్ట్రాకోసం వ్రాసిన పూర్వరంగ సంగీతమే. తన రచనను తాను ఊహించని గొంతులతో విని, వారి నైపుణ్యానికి ఆయన విస్మయం పొందాడు. స్వయంగా కర్తయే శ్రోతగా మారి, నా వయొలిన్లు ఏవని అడగక, వచ్చినదానిని వచ్చినట్టు విని ఆనందించాడు. రసజ్ఞతకు ఇంతకంటె మంచి దృష్టాంతం నాకు తెలియదు.

మరి మన సంగీతానికి దీనితో ఏమి సంబంధమని తల్లిదండ్రులు అడగవచ్చు. చాలా దగ్గరి సంబంధమే ఉన్నది. చెన్నపట్నం సెయింట్ జార్జి కోటలో ఈస్టిండియా కంపెనీవారి బ్యాండు వాయించే రోజులలో ముత్తుస్వామి దీక్షితులవారి కుటుంబం దగ్గరలోని మణలిలో నివసించింది. ఆ బాణీలు విని దీక్షితులవారు వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. నొట్టుస్వర సాహిత్యాలని పేరుగాంచిన ఆ రచనలు సుమారు నలభై ఉన్నాయి. బ్రిటిషువారి రాజగీతం వరుసకు కూడా అందులో ఒక దేవీస్తుతి ఉన్నది. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులవారు వయొలిన్ నేర్చుకుని మన గానానికి అన్వయించారు. ఈనాడు వయొలిన్ లేని కర్ణాటక కచేరీని ఊహించగలమా? శ్రద్ధగా విన్న రెండు జతల చెవులు మన సంగీతంలో ఎంతటి మార్పు తెచ్చాయో చూడండి. మన వీధుల్లో పెళ్ళి బ్యాండువారు మోసుకుతిరిగే క్లారినెట్ కూడా ఆ బ్యాండ్ల దారినే వచ్చినది.

ఇంకా దగ్గరి ఉదాహరణ మన కర్ణాటక రాష్ట్రంలోనే ఉన్నది. మైసూరు మహారాజులు ప్యాలెస్ బ్యాండును పోషించారు. చివరి మహారాజు జయచామరాజేంద్ర ఒడెయరు సంస్కృతంలో కృతులు రచించిన వాగ్గేయకారుడు. లండన్ ఫిల్‌హార్మోనియా కచేరీ సంఘానికి ప్రథమాధ్యక్షుడు కూడా. మంగళూరు ప్రాంతంలో నాదస్వర విద్వాంసుని ఇంట 1949లో పుట్టిన ఒక బాలుడు మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ శబ్దం విని ముగ్ధుడయ్యాడు. ఆ వాద్యాన్ని బెల్జియం దేశస్థుడైన అడాల్ఫ్ సాక్స్ నిర్మించి 1846లో పేటెంటు పొందాడు. అంతకు ముందు ఏడాది పారిస్‌లోని షాన్ ద మార్స్ మైదానంలో పాతరకం బ్యాండుకూ, సాక్స్ కొత్త వాద్యాల బ్యాండుకూ బహిరంగంగా పోటీ పెడితే, జనం చప్పట్లు సాక్స్ పక్షాన మోగాయి. ఆ చప్పట్ల ఫలితంగా సైన్యంలో స్థిరపడిన వాద్యకుటుంబమే దేశాలు దాటి మైసూరు చేరింది. దానిని విన్న ఆ బాలుడే కద్రి గోపాలనాథ్. సాక్సోఫోన్ మీద గమకాలు పలికించి, త్యాగరాజస్వామివారి తెలుగు కృతులను దేశదేశాలలో వినిపించి, 2004లో పద్మశ్రీ అందుకుని, 2019లో కీర్తిశేషులయ్యారు. కన్నడనాట పుట్టిన విద్వాంసుడు, బెల్జియం వాద్యం, తెలుగు కృతి. ఒక గొంతుకోసం పుట్టినది మరొక గొంతులో పలికితే చెడిపోతుందని భయపడేవారికి ఇదే సమాధానం. తెలుగు ఇళ్ళలో పుట్టి కన్నడ నేలపై పెరిగిన మనకు ఈ సమాధానం అవసరం కూడా.

ఇక మాస్టారి మాటకు వస్తాను. శ్రోత వాయించవలసిన ఆ సగం ఏమిటి? నాకు తెలిసినంతలో మూడు విషయాలు చెబుతాను. మొదటిది, పైన పలికే పాటనే కాక కింద మోసేవారిని వినడం. ఒకసారి ట్యూబాను మాత్రమే పట్టుకుని చివరిదాకా వెళ్ళండి. ఇల్లు ఏ పునాదిమీద నిలిచిందో తెలుస్తుంది. రెండవది, ఒకే రచనను ఆర్కెస్ట్రాలో ఒకసారి, బ్యాండులో ఒకసారి వినడం. మా కాలంలో ఇది సంపన్నులకే సాధ్యం. ఈనాడు మీ అందరి జేబుల్లోని ఫోనులోనే రెండూ దొరుకుతాయి. ఏమి పోయింది, ఏమి వచ్చింది అని పిల్లలచేత ఒక కాగితం మీద వ్రాయించండి. మూడవది, నిశ్శబ్దాన్ని గౌరవించడం. నాయకుని చేయి దిగేదాకా మన చేతులు కదలరాదు. ఈ చివరిది చిన్న మర్యాదలాగా కనిపిస్తుంది. కాని ఎదుటివాడు చెప్పడం ముగించాడో లేదో చూసుకుని మాట్లాడటం ఇంట్లోనూ, కార్యాలయంలోనూ, చట్టసభలోనూ పనికివచ్చే విద్య.

మాస్టారు ఒక్కసారి మాత్రం తమ సైనికజీవితాన్ని గురించి చెప్పారు. సుప్పే రచనలో గుర్రాల దౌడు మధ్యలో ఒక క్లారినెట్ ఒంటరిగా పలికి, వెంటనే ఒక శోకగీతం వస్తుంది. దాని అర్థమేమిటని నేను అడిగాను. “యుద్ధంలో బ్యాండువాళ్ళకు వాద్యాలుండవురా. గాయపడినవాళ్ళను స్ట్రెచర్లమీద మోస్తారు. 1965లో నేనూ మోశాను. తర్వాత ఆ ముక్క వాయించినప్పుడల్లా చేతులు బరువెక్కేవి” అన్నారు. అంతకు మించి చెప్పలేదు. మేము అడగలేదు. రంగురంగుల దుస్తులు వేసుకుని మెరిసే వాద్యాలు పట్టుకున్న మనుషులను చూసినప్పుడల్లా ఆ మాట నాకు జ్ఞాపకం వస్తుంది. వారి శిక్షణ కూడా ఆషామాషీ కాదు. ఇంగ్లండులో 1857లో నెల్లర్ హాల్ పాఠశాల ఏర్పడినట్టే, స్వతంత్ర భారతదేశంలో మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో సైనిక సంగీత శిక్షణాలయం వెలిసింది. అక్కడ వాద్యంతోపాటు స్వరలిపి, స్వరరచన, బృందనాయకత్వం సంవత్సరాల తరబడి నేర్పుతారు.

1970లో పూర్వ విద్యార్థుల విరాళంతో మన బడికి నాలుగు క్లారినెట్లు, రెండు బ్యూగిళ్ళు, ఆరు డప్పులు వచ్చాయి. మాస్టారు బ్యాండు తయారుచేశారు. స్వాతంత్ర్య దినోత్సవంనాడు మేము వాయించిన జనగణమన ఎంత అపశ్రుతిగా ఉండేదో ఈ సభలోని నా సహాధ్యాయులకు తెలుసు. అయినా ఆయన ఒక్కనాడు కూడా విసుక్కోలేదు. ఆయన విశ్రాంతి తీసుకున్న తరువాత బ్యాండు ఆగిపోయింది.

1981లో ఒక బంధువుల పెళ్ళికి వెళ్ళాను. కల్యాణమంటపం బయట బ్యాండు మేళంలో, తనది కాని ఎర్రకోటు వేసుకుని, క్లారినెట్ పట్టుకుని మాస్టారు నిలబడి ఉన్నారు. జీతం లేని వయసులో ఆయన ఆ పనికి వెళుతున్నట్టు నాకు అంతవరకు తెలియదు. మేళంవారి డబ్బుదగ్గర పెద్దలు బేరమాడటం నా చెవులారా విన్నాను. రాత్రంతా సినిమా పాటలు వాయించారు. తెల్లవారి అప్పగింతల వేళ, పెళ్ళికూతురు తల్లిని పట్టుకుని ఏడుస్తూండగా, తక్కిన వాద్యాలు ఆగాయి. మాస్టారొక్కరే నెమ్మదిగా ఒక పాట ఎత్తుకున్నారు. అది ద్వోర్జాక్ పాట. ఆ పాటకు, ఇంటికి వెళుతున్నాననే అర్థం వచ్చే మాటలను 1922లో ద్వోర్జాక్ శిష్యుడొకడు కూర్చాడని నాకు చాలా కాలానికి తెలిసింది. అక్కడున్నవారికి అది ఏ పాటయో తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. అందరూ కన్నీళ్ళు తుడుచుకుంటున్నారు. ఆయన చివరికి వచ్చి, ఆగవలసిన చోట ఆగారు. నన్ను చూశారు. నేను కదలలేదు. మళ్ళీ ఎత్తుకుని, మళ్ళీ ఆగి, ముగించి క్లారినెట్ దించారు. అప్పుడు దగ్గరికి వెళ్ళి పాదాలకు నమస్కరించాను. “ఇప్పుడు వచ్చిందిరా నీకు వినడం” అన్నారు. నేను ఉద్యోగంలో ఎన్నో ప్రశంసాపత్రాలు పొందాను. దీనికి సాటివచ్చేది ఒక్కటీ లేదు.

ఆయన గతించి చాలా ఏళ్ళయింది. గత నెలలో ఈ ఉత్సవాల పనులకోసం వచ్చినప్పుడు, మెట్లకింది గదిలో ఆ పాత చెక్కపెట్టె చూశాను. తెరిచాను. డప్పుల తోళ్ళు చినిగిపోయాయి. క్లారినెట్ల మెత్తలను పురుగులు తిన్నాయి. కర్ర మాత్రం గట్టిగా ఉన్నది. ఇందులో నేనెవరినీ తప్పుపట్టడం లేదు. తరగతి గదులకే డబ్బు చాలని రోజులు ఈ బడి చూసింది. తెలుగు మాధ్యమంలో పిల్లలను చేర్పించడానికే తల్లిదండ్రులు వెనుకాడుతున్న కాలమిది. అట్లాంటప్పుడు బ్యాండు ఎందుకని ఎవరైనా అడిగితే అది అన్యాయమైన ప్రశ్న కాదు.

నా జవాబు ఇది. ఈ బడిలో చదివినవారందరూ విద్వాంసులు కాలేదు, కానక్కరలేదు. కాని ఇంట తెలుగు, వీధిలో కన్నడం, ఉద్యోగంలో ఇంగ్లీషు వింటూ పెరిగే మన పిల్లలకు చెవే మొదటి ఆస్తి. ఒక భాషలోని మాట మరొక భాషలో ఎట్లా పలుకుతుందో నిత్యం వింటున్నవారు వారు. ఆ చెవికి శిక్షణ ఇవ్వడం సంగీతం పీరియడు పని మాత్రమే కాదు, భాషను నిలబెట్టే పని కూడా. వినడం చేతకానివానికి మాతృభాష కూడా మిగలదు.

అందువల్ల ఉత్సవ సంఘంవారికి నా విన్నపం ఒక్కటే. జ్ఞాపకార్థం కట్టదలచిన స్వాగత తోరణం కొంచెం చిన్నదైనా ఫరవాలేదు. ఆ పెట్టెలోని వాద్యాలను బాగుచేయించండి. సైన్యంనుంచి విశ్రాంతి తీసుకున్న వాద్యకారులు ఈ ఊరిలోనే ఉన్నారు. వారిలో ఒకరిని వారానికి రెండు రోజులు పిలిపించండి. మొదటి సంవత్సరపు ఖర్చు నేను భరిస్తాను. రెండవ సంవత్సరం నుంచి పూర్వ విద్యార్థులు తలా ఒక చెయ్యి వేయాలని ప్రార్థిస్తున్నాను. పిల్లలు మొదట అపశ్రుతి పలుకుతారు. మీరు విసుక్కోకుండా వినండి. పాట మధ్యలో ఆగితే, నాయకుని చేయి చూడండి.

 నా ప్రసంగం నిజంగానే ముగిసింది. ఇక మీరు చప్పట్లు కొట్టవచ్చు.